షేర్ల సలహాదారు అంబేద్కర్



ఏప్రిల్ 14 వస్తే మన పేటల్లో కట్టే ఫ్లెక్సీల మీద బాబాసాహెబ్ ఫొటో కింద ఎన్నో రాస్తాం. రాజ్యాంగ నిర్మాత, విశ్వమేధావి, తొలి న్యాయశాఖ మంత్రి. ఆయన చేసిన ఒక పని మాత్రం ఏ ఫ్లెక్సీ మీదా నాకు కనపడలేదు. కొన్నాళ్లు ఆయన బొంబాయిలో షేర్ల వ్యాపారం చేసేవాళ్లకి సలహాలిచ్చే ఆఫీసు నడిపారు. ఇవాళైతే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ అంటాం.

ఆ ఆఫీసు ఎక్కువ కాలం నిలవలేదు. సలహా ఇస్తున్నది అంటరానివాడని తెలిశాక కస్టమర్లు రావడం మానేశారు. ధనంజయ్ కీర్ రాసిన జీవిత చరిత్రలో ఈ సంగతి నాలుగు ముక్కల్లో అయిపోతుంది. మహద్ చెరువు గురించి, పూనా ఒప్పందం గురించి మనం గంటలు గంటలు మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. ఆ నాలుగు ముక్కల దగ్గర మాత్రం ఎవరం ఆగం. ఈ భాగంలో అక్కడ ఆగుదాం.

ఎందుకంటే బీకాం, ఎంబీఏ, సీఏ చదువుతున్న మన పిల్లలు ఎక్కడ కలిసినా ఒకటే అడుగుతున్నారు: "అన్నా, మన బ్యాక్‌గ్రౌండ్‌తో ఫైనాన్స్ లైన్‌లోకి వెళ్లగలమా?" వాళ్లు మార్కుల గురించి అడగట్లేదు. మార్కులు వాళ్లకి ఉన్నాయి. బ్యాక్‌గ్రౌండ్ అనే మాటలో ఇంటిపేరు ఉంది, పేట ఉంది, నాన్న చేసే పని ఉంది, ఇంగ్లిష్ యాస ఉంది. బ్యాక్‌గ్రౌండ్ సరిపోదని చెప్పించుకున్న మొదటి ఫైనాన్స్ మనిషి కథ ఇది.

1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ స్కాలర్‌షిప్ మీద అంబేద్కర్ న్యూయార్క్ వెళ్లారు. నెలకి పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. షరతు ఏంటంటే చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చెయ్యాలి. కొలంబియాలో ఆయన తీసుకున్న కోర్సుల లెక్క చూడండి. ఎకనామిక్స్ 29, హిస్టరీ 11, సోషియాలజీ 6, ఫిలాసఫీ 5. ఇప్పుడు మనం ఆయన్ని ఎక్కువగా కులం గురించి రాసిన మేధావిగానే చదువుతున్నాం. ఆ రోజుల్లో ఆయన రాత్రింబవళ్లు చదివింది పన్నులు, బడ్జెట్లు, నాణేలు, వర్తకం. 1915లో ఎంఏకి రాసిన థీసిస్ ప్రాచీన భారత వాణిజ్యం మీద. తర్వాతిది బ్రిటిష్ ఇండియాలో కేంద్రానికీ రాష్ట్రాలకీ మధ్య ఆదాయం ఎలా పంచుకున్నారన్న దాని మీద. పబ్లిక్ ఫైనాన్స్‌లో అప్పటికి ప్రపంచం గుర్తించిన ప్రొఫెసర్ సెలిగ్మన్ ఆయనకి గురువు. 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. ఏడాది తిరక్కుండానే స్కాలర్‌షిప్ గడువు అయిపోయి 1917లో వెనక్కి రావాల్సి వచ్చింది. ఆయన పుస్తకాలు వేరే ఓడలో వస్తున్నాయి. ఆ ఓడని జర్మన్ సబ్‌మెరైన్ ముంచేసింది. ఆ రోజుల్లో కడుపు మాడ్చుకుని కొన్న పుస్తకాలు అవి.

26 ఏళ్ల వయసు, ఆ చదువు. ఇప్పటి కార్పొరేట్ భాషలో ఇంతకంటే మంచి సీవీ ఉంటుందా?

బరోడాలో ఆయన్ని ముందుముందు ఆర్థిక మంత్రిని చెయ్యాలని మహారాజు ఆలోచన అని కీర్ రాశాడు. మొదట పని నేర్చుకోవడానికి అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో ప్రొబేషనర్‌గా వేశారు. ఈ ఉద్యోగం గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం. ఆ తర్వాత జరిగింది బాబాసాహెబ్ స్వయంగా "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో రాసుకున్నారు, చాలామంది చదివే ఉంటారు. ఊళ్లో ఉండటానికి గది దొరకలేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు పెట్టుకుని దిగారు. పొద్దున పదింటికి ఆఫీసుకి వెళ్లి రాత్రి ఎనిమిదికి రావడం. పదకొండో రోజు పొద్దున్నే కర్రలు పట్టుకుని డజను మంది పార్శీలు వచ్చారు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యకపోతే చూసుకో అన్నారు. ఒక హిందూ మిత్రుణ్ని అడిగితే, నువ్వు వస్తే మా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. ఒక క్రైస్తవ మిత్రుడు, భార్యని అడిగి చెప్తానన్నాడు. కామాఠీ బాగ్‌లో చెట్ల కింద గంటల తరబడి కూర్చుని, రాత్రి తొమ్మిదింటి బొంబాయి రైలెక్కారు.

ఇక్కడ నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనపడేది ఇదీ. సంస్థానం జమాఖర్చులు చూసే ఆఫీసులో కుర్చీ ఇచ్చారు. మంచం వేసుకోవడానికి మూడు గజాల చోటు ఇవ్వలేదు. ఉద్యోగం ఇవ్వడం అంటే ఆర్డరు చేతిలో పెట్టడం ఒక్కటే కాదని, ఆ ఊళ్లో ఇల్లు, ఆ ఆఫీసులో నీళ్లు, ఆ క్యాంటీన్‌లో పక్క కుర్చీ కూడా అందులో భాగమని ఇవాళ హెచ్‌ఆర్ వాళ్లు పెద్ద పెద్ద మాటల్లో చెప్తున్నారు. 1917లో కామాఠీ బాగ్‌లో కూర్చున్న మనిషికి అది ముందే తెలుసు.

అలా బొంబాయి వచ్చి పడ్డారు. ఇల్లు నడవాలి. ఇద్దరు విద్యార్థులకి ట్యూషన్లు చెప్పారు. ఆ దశలోనే షేర్ల సలహాల ఆఫీసు పెట్టారు.

అప్పటి బొంబాయి షేర్ బజారు ఎలాంటిదో కొంచెం చెప్పాలి. 1850లలో టౌన్‌హాల్ దగ్గర మర్రిచెట్ల కింద కొద్దిమంది దళారులు నిలబడి కొనడం, అమ్మడం చేసేవాళ్లు. అమెరికా అంతర్యుద్ధంలో అక్కడి పత్తి ఆగిపోయి బొంబాయి పత్తికి రేటు పెరిగింది. ఆ డబ్బుతో షేర్ల పిచ్చి పట్టింది. 1865లో యుద్ధం అయిపోగానే మొత్తం కూలిపోయింది. 1875లో దళారులంతా కలిసి సంఘం పెట్టుకున్నారు. ఇవాళ్టి బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి అదే. గుజరాతీ బనియాలు, జైనులు, పార్శీలు, మార్వాడీలు. తండ్రి దళారీ అయితే కొడుకు దళారీ. సమాచారం భోజనాల దగ్గర, పెళ్లిళ్లలో, గుడి మెట్ల మీద చేతులు మారేది. ఏ మిల్లుకి పత్తి అందుతోంది, ఏ సేఠ్ అప్పుల్లో ఉన్నాడు, ఎవరి కొడుక్కి ఎవరి కూతురు. ఇది పుస్తకంలో దొరికే చదువు కాదు.

మన తెలుగులో "పరపతి" అని ఒక మంచి మాట ఉంది. పరపతి అంటే అప్పు పుట్టే శక్తి. సహకార పరపతి సంఘం అంటాం కదా, అది. ఊళ్లో ఆయనకి మంచి పరపతి ఉంది అంటే పలుకుబడి ఉంది, నలుగురూ మాట వింటారు అని కూడా అర్థం. రెండూ ఒకటే మాట ఎందుకయ్యాయో మన ఊళ్లు చూస్తే తెలుస్తుంది. మాట చెల్లినవాడికే అప్పు పుడుతుంది. మాట చెల్లడం కులాన్ని బట్టి ఉంటుంది. షేర్ల సలహా అంటే అమ్మేది వస్తువు కాదు, నమ్మకం. చెప్పు కొనేవాడు చెప్పు బాగుందా లేదా అని చూస్తాడు, కుట్టిన చెయ్యి చూడకపోయినా పర్వాలేదు. సలహా కొనేవాడు మాత్రం నోరు చూస్తాడు. అంబేద్కర్ సలహా తప్పయినందుకు కస్టమర్లు పోలేదు. సలహా బాగున్నప్పుడు వచ్చారు, కులం తెలిశాక పోయారు. మార్కెట్‌కి కులం ఉండదు, లాభం ఒక్కటే చూస్తుంది అని చెప్పే ఆర్థికవేత్తలు ఈ ఒక్క ఆఫీసు గురించి సమాధానం చెప్పాలి. లాభం వస్తున్న చోటు వదులుకుని వెళ్లిపోయినవాళ్లు వాళ్లు.

మన వైపు ఊళ్లలో మనకి తెలిసిన ఫైనాన్స్ ఏంటి? పెళ్లికో, చావుకో, జబ్బుకో భూస్వామి దగ్గర అప్పు. ఆ అప్పుకి కొడుకు జీతం ఉండటం. పట్నంలో జీతం అంటే నెల మొదట్లో వచ్చే డబ్బు. మా తాతల కాలంలో జీతం అంటే ఏడాది పొడుగునా ఇంకొకడి గొడ్ల కొట్టంలో బతకడం. వెట్టి చాకిరీని దేశమంతటా నిషేధిస్తూ చట్టం వచ్చింది 1976లో. అంటే అంబేద్కర్ షేర్ల మీద సలహాలిచ్చిన ఆరు దశాబ్దాల తర్వాత కూడా ఈ దేశంలో మన మనుషులే వడ్డీ కింద జమ అవుతున్నారు. అప్పుకి అవతలి వైపు కూర్చోవడం, అంటే అప్పు ఇవ్వాలా వద్దా అని చెప్పే కుర్చీలో కూర్చోవడం, ఎంత పెద్ద తిరుగుబాటో దీన్నిబట్టి అర్థం చేసుకోండి.

ఆఫీసు పోయాక ఆయన ఏం చేశారు? 1918లోనే ఇండియన్ ఎకనామిక్ సొసైటీ జర్నల్‌లో చిన్న కమతాల మీద వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అనేది గజం పెట్టి కొలిచేది కాదు, దాని మీద పెట్టే పెట్టుబడిని బట్టి, పనిచేసే చేతుల్ని బట్టి ఉంటుంది, వ్యవసాయం మీద పడి ఉన్న మిగులు జనానికి పరిశ్రమల్లో పని దొరకనిదే కమతాలు కలిపి లాభం లేదు అన్నది అందులో సారాంశం. భూమి సమస్యని పెట్టుబడి సమస్యగా చదివారు. భూమిలేనివాళ్ల ఇంట్లో పుట్టిన మనిషికి అలా కనపడటంలో వింత లేదు.

1918 నవంబరులో సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో పొలిటికల్ ఎకానమీ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చింది. నెలకి 450 రూపాయలు. అంటే బొంబాయి వ్యాపారుల కొడుకులకి డబ్బు శాస్త్రం చెప్పే ఉద్యోగం! షేర్ల సలహా వద్దన్న కులాల పిల్లలు బెంచీల మీద కూర్చుని ఆయన పాఠం రాసుకున్నారు. మొదట్లో ఈయనేం చెప్తాడులే అనుకున్నవాళ్లు తర్వాత వేరే కాలేజీల నుంచి కూడా వచ్చి వినేవాళ్లని చరిత్రకారులు రాశారు. అదే కాలేజీలో, స్టాఫ్ కోసం పెట్టిన కుండలో నీళ్లు తాగడానికి వీల్లేదని తోటి ప్రొఫెసర్లు కొందరు అడ్డుపడ్డారు. పాఠం ముట్టుకోవచ్చు, కుండ ముట్టుకోకూడదు.

ఆ 450లో పొదుపు చేసుకుని, మిత్రుడు నావల్ భతేనా దగ్గర 5,000 అప్పు తీసుకుని, కొల్హాపూర్ ఛత్రపతి షాహూ మహారాజ్ సాయంతో 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. భతేనా పార్శీ. బరోడాలో కర్రలు పట్టుకొచ్చినవాళ్లూ పార్శీలే. ఇది రాయకపోతే కథ తేలికవుతుంది కానీ నిజం కాదు. తలుపు మూసే సమాజాల్లోంచే ఒకడు లేచి సంతకం పెడతాడు. అలాంటివాడు ఒక్కడు దొరకడం, దొరక్కపోవడం మీద మన పిల్లల జీవితాలు ఆధారపడి ఉండటమే అన్యాయం.

లండన్‌లో రాసిన పుస్తకమే "ప్రాబ్లెమ్ ఆఫ్ ది రుపీ". పేరు చూసి భయపడి చాలామంది తెరవరు. సంగతి ఇదీ. 1893 దాకా ఎవరైనా వెండి తెచ్చి టంకసాలలో రూపాయలు కొట్టించుకోవచ్చు. ప్రపంచంలో వెండి ధర పడిపోతూ రూపాయి విలువ పడిపోయింది. లండన్‌కి పౌండ్లలో కట్టాల్సిన ప్రభుత్వానికి ఇబ్బందయింది. 1893లో టంకసాలలు జనానికి మూసేశారు. తర్వాత రూపాయిని 1 షిల్లింగు 4 పెన్నీల దగ్గర నిలబెట్టి, బంగారాన్ని జనం చేతికివ్వకుండా లండన్ నిల్వల ద్వారా మారకాన్ని నడిపే పద్ధతి తయారైంది. దాన్ని గోల్డ్ ఎక్స్ఛేంజ్ స్టాండర్డ్ అన్నారు. 1913లో జాన్ మేనార్డ్ కీన్స్ ఒక పుస్తకం రాసి ఇది తెలివైన పద్ధతి అని మెచ్చుకున్నాడు.

అంబేద్కర్ వచ్చి కాదన్నారు. మీరు చూస్తున్నది రూపాయికి పౌండ్లలో ఎంత వస్తుందన్నది. రూపాయికి బజార్లో బియ్యం ఎంత వస్తాయన్నది కదా చూడాలి అన్నది ఆయన వాదన సారం. రూపాయలు ఎన్ని కొట్టాలన్నది ప్రభుత్వం ఇష్టానికి వదిలేస్తే ధరలు పెరుగుతాయి. అందుకే జారీకి గట్టి హద్దు ఉండాలి, బంగారమే ప్రమాణంగా ఉండాలి అన్నారు. ఇంకో మెలిక కూడా పట్టుకున్నారు. రూపాయి విలువ తగ్గితే ఎగుమతులు పెరుగుతాయి, దేశానికి లాభం అని వ్యాపారులు అంటారు. ఆ లాభం ఎక్కడి నుంచి వస్తోంది? ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు. ఆ తేడాయే లాభం. కూలివాడి జేబులోంచి తీసి సేఠ్ జేబులో వేసి, దేశం బాగుపడిందన్నట్టు. కీన్స్‌కి కనపడనిది ఈయనకి కనపడింది. నేనైతే అది ఆయన వచ్చిన చోటు వల్లే అంటాను. బ్యాక్‌గ్రౌండ్ తక్కువ అంటారే, ఆ బ్యాక్‌గ్రౌండే అక్కడ కళ్లద్దాలయింది.

1922లో థీసిస్ ఇస్తే పరీక్షకులు మార్చి తెమ్మన్నారు. బ్రిటిష్ విధానం మీద విమర్శ ఘాటుగా ఉండటమే కారణమని జీవిత చరిత్రకారులు అంటారు. ఆయన బొంబాయి వచ్చి, భాష సర్దారు, ముగింపులు మార్చలేదు. 1923 నవంబరులో డీఎస్సీ వచ్చింది. గురువు ఎడ్విన్ కానన్ ముందుమాట రాస్తూ చాలా విషయాల్లో తనకి ఒప్పుదల లేదని చెప్పి, అయినా ఆలోచనలో కొత్తదనం ఉందని మెచ్చుకున్నాడు. అదే 1923 నవంబరులో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టారు. నాకు ఈ రెండు తేదీలు పక్కపక్కన చూస్తే ఒక ఆలోచన వస్తుంది. ఆ రోజు ఆ బ్యాంకులో, ఆ మాటకొస్తే దేశంలో ఏ బ్యాంకులోనైనా, కౌంటర్ అవతల మాల మాదిగల పిల్లవాడు ఒక్కడు కూర్చునే వీలుందా?

1925 డిసెంబరులో హిల్టన్ యంగ్ అధ్యక్షతన వచ్చిన రాయల్ కమిషన్ ముందు అంబేద్కర్ సాక్ష్యం ఇచ్చారు. కమిషన్ సభ్యుల్లో పురుషోత్తమదాస్ ఠాకుర్‌దాస్ ఉన్నారు, బొంబాయి పత్తి వ్యాపారంలో మహామహుడు. షేర్ల సలహాకి పనికిరాని మనిషిని ఎనిమిదేళ్లు తిరక్కముందే దేశం నాణెం గురించి చెప్పమని కూర్చోబెట్టారు. ఆయన ఫీజు తీసుకోకుండా చెప్పిన సలహా అది.

ఇక్కడ మన కార్యకర్తలతో ఒక మాట. రిజర్వ్ బ్యాంకు స్థాపించింది అంబేద్కరే, ఆ పుస్తకం చూసే పెట్టారు అని మనం వాట్సాప్‌లో తిప్పుతుంటాం. కమిషన్ ముందు చాలామంది సాక్ష్యం ఇచ్చారు, అందులో ఆయన ఒకరు. కమిషన్ 1926లో సెంట్రల్ బ్యాంకు కావాలని సిఫార్సు చేసింది, చట్టం 1934లో వచ్చింది, 1935 ఏప్రిల్ 1న బ్యాంకు మొదలైంది. నాణెం విషయంలో కమిషన్ ఆయన చెప్పిన పద్ధతి తీసుకోలేదు కూడా. మన శత్రువులు ఒక్క అబద్ధం పట్టుకుని వంద నిజాల్ని కొట్టేస్తారు. ఆయన చేసింది చాలా పెద్దది, దానికి మనం మసాలా వెయ్యక్కర్లేదు. చదివితే చాలు. ఆయన ఆర్థిక రచనలు ఇంగ్లిష్ సంపుటాల్లో 6వ దాంట్లో ఉన్నాయి.

ఆ సాక్ష్యం ఇచ్చే నాటికి ఆయన బతుకు ఎలా నడుస్తోందో తెలుసా? కోర్టులో కేసులు పెద్దగా రావట్లేదు. బాట్లీబాయ్ అకౌంటెన్సీ ఇన్‌స్టిట్యూట్‌లో పార్ట్‌టైమ్‌గా మర్కంటైల్ లా చెప్పేవారు, 1925 నుంచి 1928 దాకా. రూపాయి మీద ప్రభుత్వానికి పాఠం చెప్పిన మనిషి నాలుగు రూపాయల కోసం సాయంత్రం క్లాసులు తీసుకోవడం! మన పిల్లల్లో ట్యూషన్లు చెప్పుకుంటూ, డెలివరీ పనులు చేసుకుంటూ సీఏ ఇంటర్‌కి చదివేవాళ్లు ఉన్నారు. వాళ్లకి ఈ సంగతి తెలియాలి.

తర్వాత తలుపు తెరిచింది మార్కెట్ కాదు, చట్టం. 1969 జులై 19న 14 బ్యాంకులు జాతీయం అయ్యాయి. 1970లలో బ్యాంకు ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లు అమల్లోకి వచ్చాయి. మా పేటలో మొదటి బ్యాంకు క్లర్కు ఇంటికొచ్చినప్పుడు వెనకాల పిల్లలం పరిగెత్తేవాళ్లం. ఆయన దగ్గర మేం నేర్చుకున్న మొదటి ఇంగ్లిష్ మాట "పాస్‌బుక్". ఇక బ్రోకరేజీలు, మ్యూచువల్ ఫండ్లు, ప్రైవేటు ఈక్విటీ, స్టార్టప్‌లకి డబ్బు పెట్టే ఫండ్లు, వీటిలో రిజర్వేషన్ లేదు. 1917 బొంబాయిలాగే ఇక్కడ సమాచారం భోజనాల దగ్గరే చేతులు మారుతుంది. కాకపోతే ఇప్పుడు ఆ భోజనం పెద్ద బిజినెస్ స్కూళ్ల పూర్వవిద్యార్థుల పార్టీలో జరుగుతుంది.

నాకూ ఒక అనుభవం ఉంది. చాలా ఏళ్ల కిందట ఒక ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. బ్యాలన్స్ షీట్ మీద అడిగినవన్నీ చెప్పాను. చివర్లో ఒకాయన నవ్వుతూ, "ఏ ఊరు బాబూ? ఊళ్లో ఎక్కడ? నాన్నగారేం చేస్తారు?" అన్నాడు. చెప్పాను. "మా కస్టమర్లు కొంచెం పెద్దవాళ్లు, వాళ్లతో కలిసిపోయేవాళ్లు కావాలి" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు, టీ కూడా ఇప్పించాడు.

2016లో స్టాండప్ ఇండియా వచ్చింది. ప్రతి బ్యాంకు బ్రాంచి కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీకి, ఒక మహిళకి 10 లక్షల నుంచి కోటి దాకా అప్పు ఇవ్వాలని. మీ ఊరి బ్రాంచికి వెళ్లి మేనేజర్ని అడగండి, ఎవరికిచ్చారు సార్ అని. సమాధానం చెప్పకపోతే ఆర్టీఐ ఉంది. ఈ పని విద్యార్థి సంఘాలు చెయ్యగలవు. ధర్నా కంటే తక్కువ ఖర్చు.

ఇక మొదట్లో చెప్పిన ఉద్యోగం దగ్గరికి వస్తాను. బరోడా అకౌంటెంట్ జనరల్ ఆఫీసులో ప్రొబేషనర్. పదకొండు రోజులు సత్రంలో ఉండి, ఇల్లు దొరక్క వదిలేసి వచ్చిన కొలువు. 1949 మే నెలలో రాజ్యాంగ సభలో కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ గురించి చర్చ జరిగింది. డ్రాఫ్టింగ్ కమిటీ ఛైర్మన్‌గా అంబేద్కర్ లేచి, రాజ్యాంగంలో బహుశా అందరికంటే ముఖ్యమైన అధికారి ఇతనే అన్నారు, ఎందుకంటే పార్లమెంటు మంజూరు చేసిన డబ్బు దాటి ఖర్చు పెట్టకుండా చూసేది అతనే. ఇంకా ఎక్కువ స్వతంత్రం ఉండాలన్నారు. అది 148వ అధికరణం. కేంద్రం, రాష్ట్రాలు పన్నుల డబ్బు ఎలా పంచుకోవాలో తేల్చే ఆర్థిక సంఘం 280వ అధికరణం. ఆ పంపకం గురించి ఆయన కొలంబియాలో ఉన్నప్పుడే థీసిస్ రాశారు.

వచ్చే భాగంలో ఆ 280 గురించి, సబ్‌ప్లాన్ నిధులు దారి మళ్లడం గురించి రాస్తాను. మీ జిల్లా సబ్‌ప్లాన్ లెక్కలు ఉన్నవాళ్లు పంపండి.

జై భీమ్.